పెరిగే మార్కు చెప్పే నిజం

ఇటీవలి సంవత్సరాలలో డిసెంబరు తొలి ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు దేశమంతటా ఒక పరీక్ష మొదలవుతోంది. దాని పేరు కామన్ లా అడ్మిషన్ టెస్ట్, వాడుకలో క్లాట్. ఢిల్లీ వంటి ఒకటి రెండు చోట్ల మినహా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలలో ఐదేళ్ల న్యాయవిద్యకు అదే ద్వారం. చిత్తూరు, తిరుపతి జిల్లాల ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో, గురుకులాల్లో, సంక్షేమ వసతిగృహాల్లో ఇంటర్ చదివే పిల్లలను నేను అడిగి చూశాను. ఆ పేరు విన్నవారు అరుదు. విన్నవారిలోనూ దరఖాస్తు గడువు ముగిశాక విన్నవారే ఎక్కువ. వారికి తెలిసినది లాసెట్. అది పబ్లిక్ పరీక్షలు అయ్యాక ఎండాకాలంలో వస్తుంది. క్లాట్ మాత్రం రెండో సంవత్సరం సిలబస్ సగంలో ఉండగానే వచ్చి వెళ్లిపోతుంది.

రెండూ న్యాయవిద్యకే తీసుకువెళతాయి. కాని రెండు పరీక్షల మధ్య ఉన్న దూరం రెండు సమాజాల మధ్య ఉన్న దూరం. లాసెట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, తప్పు రాస్తే కోత లేదు. తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయమే దానిని నిర్వహించిన సంవత్సరాలున్నాయి. క్లాట్ ఇంగ్లీషులో మాత్రమే ఉంటుంది. 120 ప్రశ్నలు, 120 నిమిషాలు, ప్రతి తప్పుకూ పావు మార్కు కోత. దరఖాస్తు రుసుము 4,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 3,500. మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు సుమారు 300 రూపాయలు. అంటే ఒక తల్లి పన్నెండు రోజులు మట్టి తవ్వితే బిడ్డకు ఆ పరీక్ష రాసే అర్హత వస్తుంది. గెలిచే అవకాశం ఇంకా రాదు.

గెలిచే అవకాశం గురించే ఈ వ్యాసం. ‘మన పిల్లలకు అంత స్థాయి లేదండీ, అనవసరంగా ఆశ పెట్టకండి’ అనే మాట నేను అగ్రవర్ణ మిత్రుల నోట విన్నాను. దళిత ఉద్యోగుల నోట కూడా విన్నాను. రెండో సందర్భమే ఎక్కువ బాధించింది. ఆ మాటకు ఆధారం ఏమిటని అడిగితే అందరూ చూపేది ఒక్కటే, నమూనా పరీక్షలో వచ్చిన తొలి మార్కు. ఆ మార్కు నిజంగా ఏమి కొలుస్తోంది? అది పెరగగలదా? పెరిగితే, ‘ప్రతిభ’ అని మనకు ఇన్నాళ్లూ చెప్పినదాని సంగతి ఏమిటి?

నేను సామాజిక శాస్త్రాల ఆచార్యుడిని, సంక్షేమ వసతిగృహంలో పెరిగినవాడిని. కొన్నేళ్లుగా ఇద్దరు ముగ్గురు న్యాయవాద మిత్రులతో, పరిశోధక విద్యార్థులతో కలిసి తిరుపతిలో ఆదివారాలు కొద్దిమంది ఇంటర్ పిల్లలచేత నమూనా పరీక్షలు రాయిస్తున్నాను. వారు ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాల పిల్లలు. శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు నుంచి వచ్చిన యానాది పిల్లలు ఒకరిద్దరు, చాకలి, వడ్డెర కుటుంబాలవారు కొందరు ఉన్నారు. ఇది పెద్ద సంస్థ కాదు, దీనికి పేరు కూడా లేదు. ఇక్కడ చూసినదాన్ని గణాంకంగా కాక ఒక ఉపాధ్యాయుడి పరిశీలనగా మాత్రమే పాఠకుల ముందు ఉంచుతున్నాను.

మొదట పరీక్ష స్వభావం చూడాలి. 2008లో ఏడు విశ్వవిద్యాలయాలతో మొదలైన క్లాట్‌లో ఒకప్పుడు 200 ప్రశ్నలుండేవి. బట్టీ పట్టిన సామాన్య జ్ఞానానికి అందులో చోటు ఉండేది. 2020 నుంచి అది పూర్తిగా పఠన పరీక్షగా మారింది. ఇంగ్లీషు, వర్తమాన వ్యవహారాలు, న్యాయ తర్కం, సాధారణ తర్కం, గణితం అనే అయిదు విభాగాలూ చదివి అర్థం చేసుకొని జవాబివ్వవలసినవే. ఒక్కొక్క ప్యాసేజీ సుమారు 450 పదాల దాకా ఉంటుంది. ప్యాసేజీకి అయిదు ప్రశ్నల లెక్కన చూస్తే రెండు గంటల్లో చదవవలసినది ఎనిమిది నుంచి పదివేల పదాలు. ఇంట్లో ఇంగ్లీషు దినపత్రిక చూస్తూ పెరిగిన పిల్లవాడు నిమిషానికి రెండు వందల పదాలు చదివితే ఆ పని నలభై, యాభై నిమిషాల్లో ముగుస్తుంది. ఆలోచించడానికి గంటకు పైగా మిగులుతుంది. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి నిమిషానికి వంద పదాలు చదివే పిల్లకు చదవడానికే ఎనభై నుంచి వంద నిమిషాలు పడుతుంది. ఆలోచించడానికి మిగిలేది ఇరవై, నలభై నిమిషాలు. ఇద్దరి బుద్ధి సమానమే అనుకున్నా, ఇద్దరి మార్కు సమానం కాజాలదు.

అందుకే మేము ప్రతి విద్యార్థి చేతా ఒకే స్థాయి పత్రాలను రెండు విధాలుగా రాయిస్తాం. ఒకటి గడియారం పెట్టి, మరొకటి గడియారం లేకుండా. సత్యవేడు వైపు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు గడియారం పెట్టి రాసిన తొలి పరీక్షలో 80 ప్రశ్నలు ముట్టుకున్నాడు. 38 ఒప్పు, 42 తప్పు. కోత పోగా 27.5. కాలపరిమితి లేకుండా రాసినప్పుడు 106 ప్రశ్నలకు జవాబిచ్చాడు. 70 ఒప్పు, 36 తప్పు, వచ్చినవి 61 మార్కులు. వారం వ్యవధిలో ఆ పిల్లవాడి తెలివి రెండింతలు కాలేదు. రెండు మార్కుల మధ్య ఉన్న 33.5 మార్కుల తేడా గడియారానిది, ఆ గడియారం వెనక ఉన్న భాషది, ఆ భాష వెనక ఉన్న బడిది, ఆ బడి వెనక ఉన్న కులానిది. అయిదు నెలల తర్వాత అదే కుర్రవాడు గడియారం ముందు కూర్చొని 76 ఒప్పు, 28 తప్పుతో 69 మార్కులు తెచ్చుకున్నాడు.

ఆ పెరుగుదలలో మంత్రమేమీ లేదు. పెద్ద నగరాల కోచింగ్ కేంద్రాలలో డబ్బు కట్టిన పిల్లలకు మొదటి వారంలోనే చెప్పే సంగతులే ఇవి. చెప్పేవారు లేకపోవడమే మన పిల్లల లోటు. కనుక వాటిని ఇక్కడ బాహాటంగా రాస్తున్నాను. గ్రామాల్లో ఉన్న ఉపాధ్యాయులెవరైనా వాడుకోవచ్చు.

మొదటిది, పరీక్ష రాసిన వెంటనే కీ చూడకూడదు. అదే పత్రాన్ని మరునాడు తీరికగా మళ్లీ చేయాలి. రెండోసారి ఒప్పు అయినవి మనకు వచ్చినవే, వేగం మాత్రమే చాలలేదు. రెండోసారీ తప్పు అయినవి మనకు రానివి. ఈ రెండింటికీ మందు వేరు. రెండోది, తప్పుల పుస్తకం. అందులో మార్కులు కాక కారణాలు రాయాలి. మాట అర్థం కాలేదా, ప్రశ్నను తప్పుగా చదివామా, రెండు జవాబుల మధ్య తడబడ్డామా, సమయం చాలలేదా? నెల తిరిగేసరికి ప్రతి విద్యార్థికీ తన తప్పులలో ఒక పోలిక కనిపిస్తుంది. తప్పులు లెక్కలేనన్ని అయినా వాటి కారణాలు నాలుగైదే అని తెలిసిన రోజున భయం సగం పోతుంది.

మూడోది, కోత లెక్క. లాసెట్‌కు అలవాటుపడినవారు గుడ్డిగా అన్నీ గుర్తిస్తారు. కోత మాట విని భయపడినవారు తెలిసినవి కూడా వదిలేస్తారు. నాలుగు తప్పులకు ఒక మార్కు పోతుంది. నాలుగు ఎంపికలలో రెండు కచ్చితంగా కావని తేల్చుకున్నాక మిగిలిన రెండింటిలో ఒకటి ఎంచుకోవడం సగటున లాభమే. ఏదీ తేల్చుకోలేని ప్రశ్న మీద మూడు నిమిషాలు కూర్చోవడమే అసలు నష్టం. ప్రశ్నను వదలడం కూడా ఒక విద్య. చిన్నప్పటి నుంచీ ‘వదిలితే దెబ్బ పడుతుంది’ అని నేర్చుకున్న పిల్లలకు ఇది నేర్పడానికి వారాలు పడుతుంది.

నాలుగోది, చదువు. ఒక విషయం మీద ముందు తెలుగు సంపాదకీయం, ఆ తర్వాత అదే విషయం మీద ఇంగ్లీషు సంపాదకీయం చదివించాలి. విషయం ముందే తెలిసి ఉంటే భాష బరువు తగ్గుతుంది. రోజుకు రెండు సంపాదకీయాలు, ఏడాది పాటు. ఇంటర్ మొదటి సంవత్సరంలో మొదలుపెడితే ఇది సాధ్యం. పరీక్షకు రెండు నెలల ముందు మొదలుపెడితే అసాధ్యం. మాతృభాష ఇక్కడ అడ్డంకి కాదు, మెట్టు.

అయిదోది, ఆరు ఏడు వారాలకు వచ్చే గండం. మొదట వేగంగా పెరిగిన మార్కు అక్కడ నిలిచిపోతుంది, కొన్నిసార్లు పడిపోతుంది కూడా. కొత్త పద్ధతి అలవాటయ్యేలోపు పాత వేగం పోవడమే కారణం. సంపన్న కుటుంబపు పిల్లవాడికి ఆ దశలో ధైర్యం చెప్పడానికి అన్నో అక్కో న్యాయవాది అయిన మేనమామో ఉంటారు. మన పిల్లకు ఉండేది ‘మనకెందుకమ్మా ఇయ్యన్నీ’ అనే ఇల్లు. మా దగ్గర మానేసినవారిలో ఎక్కువమంది మార్కు తక్కువగా ఉన్నప్పుడు మానలేదు, పెరిగిన మార్కు ఒకసారి పడినప్పుడు మానారు. ఎదగడం తమకు రాసిపెట్టి లేదని తరతరాలుగా చెప్పించుకున్నవారికి ఒక చిన్న పతనం కూడా తీర్పులా వినిపిస్తుంది. కులం ఎక్కడుందని అడిగేవారు ఆ ఏడో వారంలో ఒకసారి వచ్చి చూడాలి.

ఇక న్యాయ తర్కం విభాగం. అందులో ఒక సూత్రం ఇస్తారు, ఒక సంఘటన ఇస్తారు. సూత్రాన్ని సంఘటనకు అన్వయించి జవాబు చెప్పాలి. చట్టం ముందే తెలియనక్కరలేదు. బయటి అభిప్రాయాలు తేకూడదు. వినడానికి ఇది అందరికీ సమానమైన విభాగంలా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ అసైన్డ్ భూముల (బదిలీ నిషేధ) చట్టం, 1977 ఆధారంగా మా న్యాయవాద మిత్రుడొకరు ఒక అభ్యాస ప్రశ్న తయారుచేశారు. 2023 సవరణకు ముందున్న రూపంలో ఆ చట్టం సూత్రం స్పష్టం. నిరుపేదకు ప్రభుత్వం ఇచ్చిన భూమిని మరొకరు కొన్నా, ఆ కొనుగోలు వల్ల హక్కు సంక్రమించదు. ఆ భూమిని తిరిగి తీసుకొని అసలు లబ్ధిదారుకు అప్పగించే అధికారం ప్రభుత్వానికి ఉంది. సంఘటనలో ఒక కూలీ ఆసుపత్రి అప్పు కోసం తన పట్టా భూమిని పెద్దరైతుకు స్టాంపు కాగితం మీద రాసిచ్చాడు. భూమి ఎవరిది?

ఇంగ్లీషు విభాగంలో బాగా రాసే ఒక అమ్మాయి దానికి ‘పెద్దరైతుదే’ అని గుర్తించింది. సూత్రం చదివావా అని అడిగాను. చదివానంది. మరి? ‘పేపర్లో అట్లుంటాది సార్, ఊర్లో అట్ల జరగదు కదా’ అంది. వాళ్ల తాతకు వచ్చిన డీకేటీ పట్టా అలాగే పోయింది. ఆ అమ్మాయి చదవలేక తప్పు చేయలేదు, చదివినదాన్ని నమ్మలేక తప్పు చేసింది. చట్టం రాసినట్టే నడుస్తుందని నమ్మడానికి కూడా ఒక సామాజిక స్థానం కావాలి. తాసీల్దారు కార్యాలయంలో కుర్చీ వేసి కూర్చోబెట్టే ఇంట్లో పుట్టిన పిల్లవాడికి ఆ నమ్మకం పాలతో పాటు వస్తుంది. గుమ్మం బయట నిలబడిన ఇంట్లో పుట్టిన పిల్ల దాన్ని విడిగా నేర్చుకోవాలి. ఈ తేడాను ఏ మార్కుల పట్టికా చూపదు.

ఆ తర్వాత ఆమెకు ఒక పద్ధతి చెప్పాం. కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఒకవైపు ‘చట్టం ఏమంటోంది’, మరోవైపు ‘మా ఊర్లో ఏమవుతుంది’ అని రాయమన్నాం. పరీక్షలో జవాబు మొదటి వరుస నుంచి రావాలి. రెండో వరుసను కొట్టివేయకూడదు, దాచుకోవాలి. ఎందుకంటే న్యాయవాది కావలసిన కారణం అక్కడుంది. ఆమె మార్కులు ఆ విభాగంలోనే అన్నిటికంటే ఎక్కువగా పెరిగాయి. అంతకంటే పెద్ద సంగతి, సంక్రాంతి సెలవులకు ఊరికి వెళ్లి తాత పట్టా కాగితం వెతికి తెచ్చి మా న్యాయవాద మిత్రుడికి చూపింది. నమూనా పరీక్ష ఒక కుటుంబానికి తన హక్కును గుర్తు చేయగలదని నేను అనుకోలేదు.

ఈ అనుభవాన్ని ‘ప్రతిభ’ చర్చలో పెట్టి చూడాలి. ప్రతిభాస్వామ్యం అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటను ప్రచారంలోకి తెచ్చిన బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త మైకేల్ యంగ్ 1958లో దాన్ని పొగడ్తగా రాయలేదు, వ్యంగ్యంగా రాశారు. మనం దాన్ని ఆదర్శంగా పూజిస్తున్నాం. 2022 జనవరిలో వైద్యవిద్య సీట్లలో ఓబీసీ రిజర్వేషన్లను సమర్థిస్తూ సుప్రీంకోర్టు, పోటీ పరీక్షలు కొందరికి తరతరాలుగా సమకూరిన సామాజిక, ఆర్థిక, సాంస్కృతిక అనుకూలతలను లెక్కలోకి తీసుకోవని, పరీక్ష మార్కు ఒక్కటే ప్రతిభకు కొలమానం కాదని స్పష్టం చేసింది. 2024 డిసెంబరు 1న జరిగిన క్లాట్‌నే చూడండి. రెండు ప్రశ్నల జవాబులు తప్పని ఢిల్లీ హైకోర్టు అదే నెల 20న తేల్చింది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2025 మేలో గాని ముగియలేదు. పత్రం తయారుచేసిన పండితులే జవాబులో పొరబడగలిగినప్పుడు, ఒక మార్కు తేడాతో వందల ర్యాంకులు కిందికి జారిన బిడ్డను ప్రతిభ లేనిదని ఎలా అంటాం?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. రిజర్వేషన్ ఉంది కదా, మార్కుల కోసం ఇంత తపన ఎందుకు? రిజర్వేషన్ తలుపు తెరుస్తుంది, నిజమే. కాని రిజర్వుడు సీటుకూ పోటీ ఉంటుంది. ఆ పోటీలో వసతిగృహపు బిడ్డకు ఎదురుగా నిలిచేది నగరంలో ఇంగ్లీషు బడిలో చదివి, రెండేళ్లు కోచింగ్ తీసుకున్న తన కులపు అధికారి బిడ్డే కావచ్చు. ఆ బిడ్డ హక్కును నేను ప్రశ్నించడం లేదు. కులం నగరంలోనూ వెంటాడుతుంది. అయితే ఎస్సీల ఉపవర్గీకరణ రాష్ట్రాల అధికారమేనని 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పాక, 2025లో మన రాష్ట్రం దాన్ని మూడు గ్రూపులుగా అమలులోకి తెచ్చాక, ఒక ప్రశ్న మనలో మనం వేసుకోక తప్పదు. జాబితాలో చివరనున్నవారికి సీటు రాసిపెట్టడంతో పాటు ఆ సీటు దాకా నడిపించే మెట్లు ఎవరు కడతారు? రెల్లి పిల్లకు, యానాది పిల్లవాడికి క్లాట్ అనే మాట ఎవరు చెబుతారు?

మరొక అభ్యంతరం మన ఉద్యమ మిత్రులది. అన్యాయమైన పరీక్షకు పిల్లలను అలవాటు చేయడం ఆ పరీక్షకు లొంగిపోవడం కాదా అని వారంటారు. ఇది గౌరవించవలసిన ప్రశ్న. నా జవాబు ఇది. పరీక్షను మార్చమని అడగాలి, మారేలోపు గెలవాలి. ఒక దాని కోసం రెండోదాన్ని ఆపనక్కరలేదు. పరీక్షలు మారుతాయి కూడా. అమెరికాలో న్యాయవిద్యా ప్రవేశానికి రాసే ఎల్‌శాట్‌లో బొమ్మలు గీసుకొని పరిష్కరించవలసిన తర్కపు ఆటల విభాగం దశాబ్దాలపాటు ఉండేది. అది తమకు అన్యాయమని చూపులేని అభ్యర్థులు న్యాయపోరాటం చేశారు. 2019లో రాజీ కుదిరింది. 2024 ఆగస్టు నుంచి ఆ విభాగమే లేదు. పరీక్ష అడిగేవారు లేనంతకాలమే మారకుండా ఉంటుంది.

మన దగ్గర అడగవలసినవి ఉన్నాయి. డాక్టరు కావడానికి రాసే నీట్ తెలుగులో రాయవచ్చు. ఇంజనీరు కావడానికి రాసే జేఈఈ మెయిన్ తెలుగులో రాయవచ్చు. న్యాయవాది కావడానికి రాసే క్లాట్ మాత్రం ఇంగ్లీషులోనే రాయాలి. ప్రాంతీయ భాషల్లో కూడా నిర్వహించాలని ఒక న్యాయ విద్యార్థి 2023లో ఢిల్లీ హైకోర్టులో పిటిషన్ వేశారు. ఉన్నత న్యాయస్థానాల భాష ఇంగ్లీషు గనుక అది తప్పదంటారు. చిత్తూరు జిల్లా కోర్టు బోనులో నిలబడిన సాక్షి మాట్లాడేది ఏ భాష? ఆ సాక్షి మాటలోని మెలిక, భయం, యాస తెలిసిన న్యాయవాది అక్కర లేదా? ఇంగ్లీషు అయిదేళ్లలో నేర్పవచ్చు. ఆ యాస వెనక ఉన్న జీవితాన్ని అయిదేళ్లలో నేర్పలేము.

ఇదంతా ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. 2018 నుంచి 2024 చివరి దాకా దేశంలోని హైకోర్టులలో నియమితులైన 684 మంది న్యాయమూర్తులలో ఎస్సీలు 21 మంది, ఎస్టీలు 14 మంది, ఓబీసీలు 82 మంది అని కేంద్ర న్యాయశాఖ పార్లమెంటుకు తెలిపింది. న్యాయమూర్తులు ఆకాశం నుంచి ఊడిపడరు, న్యాయవాదుల వరుసల్లోంచి వస్తారు. ఆ వరుసల్లో మనం ఎంత పలచగా ఉంటే బెంచి మీద అంత కనిపించం. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను ఊచకోత కోశారు. ఆ ఊళ్లోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. అన్నేళ్లు బాధితులు నిలబడ్డారంటే వెనక బొజ్జా తారకం వంటి న్యాయవాదులుండబట్టే. ఒక తారకం ఉంటే సరిపోదు. ప్రతి జిల్లా కోర్టుకూ కావాలి.

మన నేల మీదనే ఒక ఉదాహరణ ఉంది. కర్నూలు జిల్లా పెద్దపాడులో 1921లో నిరుపేద దళిత కుటుంబంలో పుట్టి, పసికందుగా ఉండగానే తండ్రిని పోగొట్టుకున్న దామోదరం సంజీవయ్య మద్రాసు లా కాలేజీలో న్యాయశాస్త్రం చదివారు. 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి, దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి అయ్యారు. 2008లో ఏర్పడిన విశాఖపట్నంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టుకున్నాం. ఆయన పుట్టినలాంటి ఇంట్లో నేడు పుట్టిన బిడ్డ ఆయన పేరున్న విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టడానికి 3,500 రూపాయల దరఖాస్తు రుసుము, ఇంగ్లీషు వేగం, రెండేళ్ల కోచింగ్ ముందుగా కావాలి. పేరు పెట్టడం సులువు. దారి వేయడమే కష్టం.

దారి వేయడానికి ఆకాశమంత ఖర్చు అక్కరలేదు. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఎంపీసీ, బైపీసీ పిల్లలకు నీట్, జేఈఈ శిక్షణ గురించి ఆలోచించినట్టే సీఈసీ, హెచ్‌ఈసీ పిల్లలకు ఇంటర్ మొదటి సంవత్సరం నుంచే క్లాట్ శిక్షణ ఇవ్వాలి. ఆర్ట్స్ గ్రూపు అంటే మిగిలిపోయినవారి గ్రూపు అన్న చిన్నచూపు అక్కడే పోతుంది. స్టడీ సర్కిళ్లు ఉద్యోగ పరీక్షలతో పాటు న్యాయవిద్యా ప్రవేశాన్నీ చేపట్టాలి. దరఖాస్తు రుసుమును ప్రభుత్వమే భరించాలి. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుంచీ, మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచీ ఉన్నాయి. ఆదివారాలు ఖాళీగా ఉండే తరగతి గదులు, ఇంగ్లీషు చదవగల పరిశోధకులు మనకు కొదవా? ఆచార్య షంనాద్ బషీర్ 2010లో ప్రారంభించిన ఐడియా అనే ప్రయత్నంలో న్యాయ విశ్వవిద్యాలయాల విద్యార్థులే గ్రామీణ, పేద పిల్లలను వెతికి శిక్షణ ఇస్తున్నారు. 2019లో ఆయన కన్నుమూశారు, పని ఆగలేదు. ఒక్కడు మొదలుపెట్టిన పనిని ప్రతి జిల్లా కేంద్రంలోని బార్ అసోసియేషన్ ఎందుకు చేపట్టకూడదు?

సీటు వచ్చాక ఫీజు ఎలా అని తల్లిదండ్రులు భయపడతారు. ఏటా లక్షల్లో ఉండే ఆ ఫీజు భయపెట్టేదే. కాని కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉన్న ఎస్సీ విద్యార్థులకు కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ నడిపే టాప్ క్లాస్ ఎడ్యుకేషన్ పథకంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలు కూడా ఉన్నాయన్న సంగతి ఊళ్లలో ఎవరికీ తెలియదు. చదువు ముగిశాక న్యాయవాదిగా నమోదుకు వేలకు వేలు గుంజే పద్ధతిని 2024 జూలై 30న సుప్రీంకోర్టు అడ్డుకుంది. సాధారణ అభ్యర్థులకు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు మించకూడదని చెప్పింది. తలుపులు ఒక్కొక్కటిగా తెరుచుకుంటున్నాయి. మొదటి తలుపు దగ్గరే మన పిల్లలు ఆగిపోతున్నారు.

తిరుపతి, చిత్తూరు లోక్‌సభ స్థానాలు రెండూ ఎస్సీలకు రిజర్వు అయినవే. చట్టం చేసే సభకు ఈ నేల నుంచి ఇద్దరు దళితులు వెళ్లక తప్పని ఏర్పాటు ఉంది. ఆ చట్టాన్ని చదివి, వాదించి, వ్యాఖ్యానించే చోటికి ఎంతమంది వెళుతున్నారన్నది ఆ ఇద్దరు సభ్యులూ అడగవలసిన ప్రశ్న, వారిని మనమూ అడగవలసిన ప్రశ్న. తొలి నమూనా పరీక్షలో వచ్చిన ఇరవై ఏడున్నర మార్కులను చూసి ఒక బిడ్డ భవిష్యత్తును తేల్చివేసే హక్కు ఏ ఉపాధ్యాయుడికీ లేదు. ఆ అంకె ఆ బిడ్డకు ఇంతవరకూ ఏమేమి అందలేదో చెబుతుంది. అయిదు నెలల్లో అది అరవై తొమ్మిది కాగలిగిందంటే, మిగతా అంతా ఇవ్వకపోవడం వల్లనే లేకుండా పోయిందని అర్థం. ఇవ్వడం మొదలుపెడదాం. ఇంటర్ మొదటి సంవత్సరం తరగతులు తెరిచిన తొలి వారంలోనే మొదలుపెడదాం.